పిల్లి బొచ్చుకి ఆ రోలర్ పనిచేస్తుందా? గుడ్డ సోఫా అయితే కొనండి

రాయగడ నుంచి మీరు అడిగింది చదివాను. గుడ్డ సోఫా నిండా పిల్లి బొచ్చు, చీపురుతో దులిపితే ఇంకా లోపలికి దిగుతోంది, ఆన్‌లైన్‌లో కనిపించే బ్యాటరీ లేని, మళ్లీ మళ్లీ వాడుకునే రోలర్ కొంటే డబ్బు దండగేమో, దాంతో అత్తగారి తుమ్ములు కూడా తగ్గుతాయా అన్నారు. మాది బరంపురం. ఇంట్లో రెండు పిల్లులు, ఒకటి తెల్లది, ఒకటి బూడిద రంగుది. సోఫా ముదురు మెరూన్. ఎవరైనా వస్తున్నారంటే ముందు సోఫా వైపే చూసుకునే టెన్షన్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. రోలర్ కొనండి. కాకపోతే దాన్ని ఆడించే పద్ధతి పట్టుకోవాలి. చాలా ఇళ్లలో నాలుగుసార్లు తోసి, పనికిరాదని మూల పడేసేది ఆ పద్ధతి తెలియకే.

పిల్లి ఒంటి మీద పైకి కనిపించే పొడుగు వెంట్రుకల కింద మెత్తటి సన్నబొచ్చు ఉంటుంది. ఎక్కువగా అదే రాలి గుడ్డ అల్లికలో ఇరుక్కుంటుంది. దులిపినా, ఫ్యాన్ గాలికి లేచినా మళ్లీ వచ్చి అక్కడే అతుక్కుంటుంది. జిగురు కాగితం రోలర్ పైపైన ఉన్నది మాత్రం తీస్తుంది. నాలుగు కాగితాలు చింపేసరికి సగం సోఫా కూడా అవదు. పైగా మా బరంపురంలో గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే సముద్రపు తేమకి ఆ జిగురు పట్టు తప్పుతుంది.

మీరు చూసిన రోలర్‌లో జిగురు లేదు. చోమ్‌చోమ్ అనే పేరు ఎక్కువగా వినిపిస్తుంది, అదే నమూనాలో వేరేవీ చాలా దొరుకుతాయి. తిప్పి చూస్తే కింద రెండు వెల్వెట్ పట్టీలు కనిపిస్తాయి. ఒకదాని మీద గోరు ఒకవైపు నడిపితే నున్నగా జారుతుంది, ఎదురు నడిపితే గరుకుగా ఆపుతుంది. రెండో పట్టీకి ఇదే తిరగబడి ఉంటుంది. ముందుకు తోస్తే ఒక పట్టీ బొచ్చు లాగుతుంది, వెనక్కి లాగితే రెండోది. పట్టిన బొచ్చంతా లోపలి డబ్బాలోకి వెళ్లిపోతుంది. అందుకే చీపురులా ఒకే వైపు పొడుగ్గా ఈడిస్తే ఏమీ రాదు. జానెడు మేర చాలు, గట్టిగా నొక్కి, టకటకా ముందుకీ వెనక్కీ ఆడించాలి. చప్పుడు వస్తుంది, రానివ్వండి. ఒకచోట అయ్యాక పక్కకి జరగండి. కాసేపయ్యాక మూత తెరిస్తే బొచ్చు మొత్తం ఒత్తుగా, చిన్న కంబళి ముక్కలా చేతికి వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఇంత బొచ్చు మీద కూర్చుని టీ తాగుతున్నామా అనిపించింది.

గుడ్డ బిగువుగా ఉండటం ముఖ్యం. సోఫా సీటు, కుషన్, పరుపు మీద చక్కగా పనిచేస్తుంది. వదులుగా ఉన్న దుప్పటి మీద అయితే గుడ్డే రోలర్‌తో పాటు కదులుతుంది, ఒక చేత్తో లాగి పట్టుకోవాలి. చేయి ఆనించే చోట్లు, సీటుకీ వీపుకీ మధ్య సందు దీనికి అందవు. అక్కడ అంట్లు తోముకునే రబ్బరు గ్లవ్ కొద్దిగా తడిపి, ఒకే వైపు రాయండి. బొచ్చు ఉండలు కట్టి వస్తుంది, చేత్తో ఏరేయడమే. రెక్సిన్ సోఫాకైతే అసలు రోలర్ అక్కర్లేదు, తడిగుడ్డ చాలు. పట్టుచీర మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. మా ఊరి పట్టుకి పేరే కుంభం అంచు. అంత గట్టిగా అటూ ఇటూ రుద్దితే ఆ పోగులు ఏం కావాలి? చీర దులిపి, మెత్తటి పొడి బ్రష్‌తో తీసుకోండి.

వానాకాలంలో ఇంకొకటి. సోఫా చెమ్మగా ఉన్నప్పుడు వెల్వెట్ పట్టు సరిగా ఉండదు. కాసేపు ఫ్యాన్ కింద ఆరనిచ్చి మొదలుపెట్టండి. రోలర్‌ని కూడా నీళ్లలో ముంచకూడదు, పట్టీలు పొడి బ్రష్‌తో దులిపితే సరిపోతుంది.

ఇక అత్తగారి తుమ్ములు. దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. పిల్లులతో వచ్చే ఎలర్జీకి ముఖ్య కారణం ఫెల్ డి 1 అనే ప్రొటీన్. అది పిల్లి లాలాజలంలోనూ, చర్మంలోని నూనె గ్రంథుల్లోనూ తయారవుతుంది. ఒళ్లు నాక్కున్నప్పుడు బొచ్చుకి అంటి, ఆరాక సన్నటి పొడిలా గాల్లో తేలుతుంది. రోలర్ బొచ్చుని తీస్తుంది, ఆ పొడి కొంత మిగిలే ఉంటుంది. పెద్దావిడ పడుకునే గదిలోకి పిల్లిని రానివ్వకపోవడం, దిండు గలేబులు వేడినీళ్లలో ఉతకడం ఎక్కువ మేలు. ఆవిడకి ఆయాసం, ఊపిరిలో పిల్లికూతలు ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి. శుభ్రం అవుతుందని సోఫాని ఫినాయిల్ నీళ్లతో తుడవడం, మూలల్లో కలరా ఉండలు వేయడం వద్దు. రెండూ పిల్లికి విషం. ఒళ్లు నాక్కుంటుంది కదా, కాళ్లకి అంటిందంతా కడుపులోకే పోతుంది.

పిల్లిని కూడా దువ్వండి. దువ్వెనలోకి వచ్చిన బొచ్చు సోఫా మీదకి రాదు. మా తెల్లది మొదట్లో పారిపోయేది, ఇప్పుడు దువ్వెన చూస్తే తనే వచ్చి వీపు తిప్పి కూర్చుంటుంది.

రోలర్ ఇంటికి రాగానే ఆ రెండు పట్టీల మీద గోరు పెట్టి చూడండి. గరుకు ఎదురెదురు దిశల్లో ఉండాలి, మూత గట్టిగా పడాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా ప్యాకింగ్ పారేయకుండా వెంటనే తిప్పి పంపేయండి.