ముక్క పరీక్ష ఉండగా ఎమ్మారై ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. మూత్రంలో రక్తం పడుతుంటే అల్ట్రాసౌండ్ చేశారు, మూత్రాశయంలో 2 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. దూర్బీన్‌తో గడ్డను తీసి పరీక్షకు పంపుతామంటూనే, ముందుగా కాంట్రాస్ట్ ఎమ్మారై చేయించమన్నారు. అది నిజంగా అవసరమా? క్రియాటినిన్ 1.6 ఉంది, ఇంజెక్షన్ వల్ల కిడ్నీలు దెబ్బతింటాయేమోనని భయంగా ఉంది.

జవాబు: గడ్డ క్యాన్సరా కాదా అన్నది తేల్చేది ముక్క పరీక్షే. ఎమ్మారై చెప్పేది వేరు: గడ్డ మూత్రాశయం గోడలోని కండరంలోకి దిగిందా, లోపలి పొరలతోనే ఆగిందా అన్నది. చికిత్స దారి చీలేది అక్కడే. పై పొరల్లోనే ఉంటే గడ్డను గీకి తీసి, అవసరమైతే మూత్రాశయంలోకి మందు ఎక్కిస్తారు. కండరంలోకి దిగితే మూత్రాశయాన్నే తొలగించడం గురించో, కీమో, రేడియేషన్ కలిపి ఇవ్వడం గురించో ఆలోచించవలసి వస్తుంది. పైగా తీసిన ముక్కలో ఒక్కోసారి కండరమే రాదు, అప్పుడు లోతు సంగతి తేలక మళ్లీ గీకవలసి వస్తుంది.

ఎమ్మారైలో చేతి నరంలోకి గడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఎక్కించి, సుమారు 20 సెకన్ల నుంచి వరుసగా చిత్రాలు తీస్తారు. రక్తనాళాలు ఎక్కువగా ఉండే గడ్డ, గోడ లోపలి పొర ముందుగా తెల్లగా మెరుస్తాయి. కండరానికి ఆ మెరుపు ఆలస్యంగా వస్తుంది. ఆ కొద్ది వ్యవధిలో గడ్డ అడుగున కండరం నల్లని గీతలా తెగకుండా కనిపిస్తే అది చాలా మంచి సూచన. గడ్డ తాలూకు తెలుపు ఆ నల్లని గీతను తెంచుకుని లోపలికి చొచ్చుకుపోతే కండరంలోకి దిగిందని అనుమానించాలి. మందు లేకుండా తీసే డిఫ్యూజన్ చిత్రాలనూ (కణజాలంలో నీటి కదలికను చూపేవి) దీనితో కలిపి చూసి, 2018లో ప్రకటించిన వైరాడ్స్ పద్ధతిలో 1 నుంచి 5 వరకు అంకె వేస్తారు. అంకె పెరిగేకొద్దీ కండరంలోకి దిగి ఉండే అవకాశం పెరుగుతుంది.

మీ డాక్టరుగారు ముందే చేయించమనడం ఎంతో సబబు. గీకిన చోట వచ్చే వాపు కూడా గడ్డలాగే మెరిసి తప్పుదారి పట్టిస్తుంది కనుక, ఆ తరువాత చేయాలంటే కనీసం 2 వారాలైనా ఆగాలి.

ఇక కిడ్నీల సంగతి. 64 ఏళ్ల పురుషుడికి క్రియాటినిన్ 1.6 అంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం అంచనా) 48 దగ్గర ఉంటుంది. గడోలినియం విషయంలో ప్రత్యేక జాగ్రత్త పడేది ముఖ్యంగా అది 30 కన్నా తగ్గినవారికి, డయాలసిస్‌లో ఉన్నవారికి, కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిన్నవారికి. అయినా తాజా రిపోర్టు స్కాన్ గదిలో చూపించండి. పేస్‌మేకర్ వంటివి ఉంటే ముందే చెప్పండి. మూత్రాశయం ఖాళీగా ఉంటే గోడ ముడుచుకుని మందంగా కనిపిస్తుంది, మరీ నిండితే ఆయన కదలకుండా పడుకోలేరు. కాబట్టి ఎప్పుడు మూత్రానికి వెళ్లాలో, ఎన్ని నీళ్లు తాగాలో అక్కడి సిబ్బందిని అడిగి అలాగే చేయించండి.