తోట గురించి మాట్లాడదామని కూర్చుంటే పాత గొడవలే

విజయనగరంలో ఉద్యోగం చేస్తున్న ఒకాయన రాశారు. పలాస దగ్గర ఉద్దానంలో నాన్న వదిలివెళ్లిన జీడితోట ఉంది, 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు సగం చెట్లు పడిపోయాయి. మళ్లీ మొక్కలు వేద్దామని అన్నయ్య, అమ్మేద్దామని ఈయన. ఎప్పుడు కూర్చున్నా తోట మాట పక్కకుపోయి తిట్లలోకి దిగుతోందట. మాట దారి తప్పకుండా మధ్యలో పెద్దమనిషిని పెట్టుకోవాలా అని అడిగారు.

పెట్టుకోండి. ఆయన ముందు కూడా ఇదే జరుగుతుంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగు పేజీల్లో తోట గురించి ఆరు లైన్లు, మిగిలినదంతా అన్నయ్యే. సంక్రాంతికి అరుగు మీద ఆయన "ఏసీలో కూర్చునేవాడివి, చెట్టు సంగతి నీకేటి తెలుసు" అంటే మీరు "టెన్త్ తప్పినోడివి, నువ్వా నాకు లెక్కలు చెప్పేది" అన్నారట. ఆయన ఎందుకు తప్పాడో రెండో పేజీలో మీరే రాశారు కదా! నాన్న మంచాన పడ్డ ఏడాది పరీక్షలు వదిలేసి పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లాడు, ఆ కూలితోనే మీ కాలేజీ ఫీజు కట్టాడు. పిక్క పగిలితే చిమ్మే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, ఎంత బూడిద రాసుకున్నా వేళ్లు నల్లబడి పొరలు ఊడతాయి, ఆ చేత్తో అన్నం కలుపుకోవడం మీరు రోజూ చూసే ఉంటారు. అలాంటి మనిషిని, అదీ వదిన ముందు, పిల్లల ముందు, ఆ మాట ఎలా అనగలిగారండీ? నాకు చాలా బాధేసింది.

ఈ ఆదివారం ఒక్కరే వెళ్లండి. మీ ఆవిడ వద్దు, కాగితాలూ వద్దు. "తప్పు మాట అన్నాను అన్నయ్యా, నా చదువు నీ కష్టమే" అని వదిన కూడా వినేలా చెప్పండి. ఆయన వెంటనే కరగకపోవచ్చు, ఎదురు నాలుగు అనొచ్చు కూడా, పడండి, తమ్ముడన్నాక ఆ మాత్రం పడాలి. ఆ రోజు తోట ఊసే ఎత్తకండి.

ఇంకొకటి. ఉత్తరం నిండా "మా ఇద్దరి వాటాలు" అని రాశారు, నరసన్నపేటలో అక్క ఉందన్నది చివర్లో ఒక్క ముక్క. నాన్న వీలునామా రాయలేదన్నారు కాబట్టి ఆ తోటలో అక్కకు మీతో సమానంగా హక్కుంది, అమ్మకూ వాటా ఉంది. వాళ్ల సంతకాలు లేకుండా మొత్తం తోట అమ్మడం కుదరదు. మళ్లీ కూర్చునేటప్పుడు అక్కను పిలవండి. అమ్మను గుమ్మం దగ్గర వదిలేయకుండా మీ మధ్యన కూర్చోబెట్టి, ముందు ఆవిడ ఏమంటుందో వినండి.