జ్వరం తగ్గినా పొట్టేలు దాటడం లేదు, హార్మోన్ ఇంజెక్షన్ వేయించవచ్చా?

ప్రశ్న: మా మందలో 28 గొర్రెలకు ఒకటే విత్తనపు పొట్టేలు. గత నెలలో తీవ్రమైన జ్వరం వచ్చి తగ్గింది. అప్పటి నుంచి ఎదకు వచ్చిన గొర్రెలను పట్టించుకోవడం లేదు. టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) ఇంజెక్షన్ వేయించమని కొందరు చెబుతున్నారు. వేయించమంటారా?
– ఒక రైతు, ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: దయచేసి వేయించకండి. వృషణాల్లోని లేడిగ్ కణాలు కొలెస్టరాల్ నుంచి టెస్టోస్టిరాన్‌ను తయారుచేస్తాయి. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి వచ్చే ఎల్‌హెచ్ హార్మోన్ వాటికి ప్రధానమైన ఆదేశమే అయినా, అది ఎంతవరకు అమలవుతుందన్నది పక్కనున్న కణాల సంకేతాలపై కూడా ఆధారపడి ఉంటుంది. వీర్యకణాలను పోషించే సెర్టోలి కణాలు లేడిగ్ కణాల ఎదుగుదలకు తోడ్పడే పదార్థాలను విడుదల చేస్తాయి. మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు లేడిగ్ కణాలను ఆనుకొనే ఉండి మామూలు రోజుల్లో వాటికి సాయపడతాయి. కానీ ఇన్ఫెక్షన్ సోకినప్పుడు అవే ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్ వంటి పదార్థాలను వదిలి, కొలెస్టరాల్‌ను మైటోకాండ్రియా (హార్మోన్ తయారీ మొదలయ్యే కణభాగం) లోపలికి చేర్చే స్టార్ ప్రొటీన్‌ను తగ్గించివేస్తాయి. అప్పుడు ఎల్‌హెచ్ అందుతున్నా టెస్టోస్టిరాన్ ఉత్పత్తి పడిపోతుంది. మీ పొట్టేలు విషయంలో ఇదే జరిగి ఉండవచ్చు.

ఇంజెక్షన్ ఇస్తే రక్తంలో హార్మోన్ పెరిగిందని గ్రహించి మెదడు ఎల్‌హెచ్‌ను తగ్గిస్తుంది, దానితో లేడిగ్ కణాలు పని మానేస్తాయి. వృషణం లోపల టెస్టోస్టిరాన్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటేనే వీర్యకణాలు సక్రమంగా తయారవుతాయి. బయటి నుంచి ఇచ్చే మందు ఆ లోటును పూడ్చలేదు. పొట్టేలు హుషారుగా దాటినా గొర్రెలు చూలు కట్టకపోవచ్చు.

ముందుగా చేతికి గ్లౌజులు వేసుకుని రెండు వృషణాలనూ తడిమి చూడండి. వాపు, వేడి, గట్టిదనం ఉన్నా, ఒకటి చిన్నదైనా పశువైద్యునితో బ్రూసెల్లోసిస్‌కు రక్తపరీక్ష చేయించండి. ఇది మనుషులకూ సోకే వ్యాధి కాబట్టి ఆలస్యం తగదు. గిట్టలు కూడా చూడండి, వెనుక కాళ్ల నొప్పి ఉన్న పొట్టేలు కోరిక ఉన్నా దాటలేదు. వృషణాలు శరీరం కంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉండాలి. విశాఖ తీరపు ఉక్కలో రొప్పినా ఒళ్లు చల్లబడటం కష్టం కనుక, గాలి ఆడే నీడలో కట్టి, చల్లని నీరు, పచ్చిమేత, రోజుకు పావు కిలో నుంచి అర కిలో దాణా ఇవ్వండి.

పొట్టేలులో వీర్యకణం తయారుకావడానికి సుమారు 47 రోజులు, పక్వమై బయటకు రావడానికి మరో రెండు వారాల వరకు పడుతుంది. అందువల్ల పూర్తిగా కోలుకున్న రెండు నెలల తర్వాత వీర్యపరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని బట్టి దీన్ని ఉంచాలో మార్చాలో నిర్ణయించండి. ఈలోగా ఎద వృథా కాకుండా, రక్తపరీక్ష చేయించిన మరో పొట్టేలును మందలోకి తెచ్చుకోండి.