చెల్లీ, ఆ వార్నింగ్ నోరు నొక్కకు

చెల్లీ,

నీ పైథాన్ కోడ్‌లో ఈజ్ (is) వాడినచోట వచ్చిన వార్నింగ్ గురించి నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. "అక్కా, టెస్టులన్నీ పాసయ్యాయి, ఈ వార్నింగ్ గొడవ ఒక్కటే మిగిలింది, దీన్ని ఎలా ఆపాలో చెప్పు" అని రాశావు. పది నిమిషాలాగి "వద్దులే, మళ్లీ రన్ చేస్తే అదే పోయింది" అని ఇంకో మెసేజ్. మొదటి దానికైతే ఫోన్‌లోనే రెండు ముక్కలు చెప్పి ఊరుకునేదాన్ని, ఆ రెండోది చూశాకే ఇంత రాయడానికి కూర్చున్నాను.

అది పోలేదు. పైథాన్ నీ ఫైల్‌ని మొదటిసారి ఇంపోర్ట్ చేసినప్పుడు కంపైల్ చేసి, అంటే తను నడపగల రూపంలోకి మార్చి, ఆ వచ్చిన రూపాన్ని (బైట్‌కోడ్) పైక్యాష్ (__pycache__) ఫోల్డర్‌లో దాచుకుంటుంది. ఈ సింటాక్స్ వార్నింగ్ పుట్టేది కంపైల్ చేసేటప్పుడే. రెండోసారి ఫైల్ మారలేదు కదా, దాచిందే తీసి నడిపింది, కంపైలర్‌కి నోరు తెరిచే పనే పడలేదు. నమ్మకపోతే ఆ ఫైల్‌లో ఒక ఖాళీ లైను కలిపి సేవ్ చేసి రన్ చెయ్యి, మళ్లీ ప్రత్యక్షమవుతుంది. నేరుగా నడిపే మెయిన్ ఫైల్‌కి ఈ దాచుకోవడం ఉండదు, అందులో అయితే ప్రతిసారీ అరుస్తూనే ఉండేది, నీ తప్పు మాడ్యూల్ లోపల ఉండబట్టి ఒక్కసారి అరిచి ఊరుకుంది.

ఇంతకీ అది అడిగింది చిన్న ప్రశ్న. "లిటరల్‌తో ఈజ్ వాడావు, నువ్వు అనుకున్నది == కాదు కదా?" అంతే. లిటరల్ అంటే కోడ్‌లో నేరుగా రాసేసిన విలువ, కొటేషన్లలోని మాట గానీ అంకె గానీ. 2019లో పైథాన్ 3.8 వచ్చినప్పటి నుంచి ఇది అడుగుతోంది, అంతకుముందు ఈ మాత్రం కూడా అనేది కాదు.

మన భాషలో ఈ తేడా ఎంత సుఖంగా ఉందో చూడు: "అదే", "అలాంటిదే". నీ దగ్గరున్న పుస్తకం, నా దగ్గరున్న పుస్తకం ఒకే ముద్రణ, అక్షరం పొల్లుపోకుండా ఒకటే, అయినా నా దాంట్లో నేను పెన్సిల్‌తో గీస్తే నీ దాంట్లో గీత పడదు. అవి అలాంటివే గానీ అదే కాదు. ఈజ్ అడిగేది "అదేనా?" అని. == అడిగేది "అలాంటిదేనా?" అని. నీ లైనులో, స్టేటస్ ఈజ్ "పెయిడ్" అన్నచోట, నీకు కావలసింది రెండో ప్రశ్న, నువ్వు అడిగింది మొదటిది.

మరి టెస్టులు ఎందుకు పాసయ్యాయి అంటావా? అదే ఈ తప్పులోని దుర్మార్గం. నీ టెస్ట్‌లో "పెయిడ్" అని కొటేషన్లలో రాసి ఫంక్షన్‌కి పంపావు. కోడ్‌లో రాసిన, పేర్లలా ఉండే చిన్న స్ట్రింగ్‌లని (అక్షరాల వరుసలని) సీపైథాన్, అంటే మనం మామూలుగా వాడే పైథాన్, ఒక్కసారే తయారుచేసి అందరికీ అదే ఇస్తుంది, దాన్నే ఇంటర్నింగ్ అంటారు. అంటే నీ టెస్ట్‌లోదీ నీ ఫంక్షన్‌లోదీ నిజంగానే ఒకే వస్తువు, కాబట్టి "అదేనా?" అంటే "అవును" అంది. రేపు అదే మాట ఫైల్‌లోంచి చదివినా, యూజర్ టైప్ చేసినా, రెండు ముక్కలు అతికించగా వచ్చినా అప్పటికప్పుడు కొత్త వస్తువు పుడుతుంది. అక్షరాలు అవే, జవాబు మాత్రం "కాదు". లాగ్‌లో ప్రింట్ చేసి చూస్తే రెండువైపులా పెయిడ్, పెయిడ్ అని కనిపిస్తుంది, నీకు పిచ్చెక్కుతుంది.

నంబర్లలోనూ ఇదే తంతు. -5 నుంచి 256 వరకు పూర్ణాంకాలని సీపైథాన్ ముందే చేసి పెట్టుకుంటుంది, అవి ఎక్కడినుంచి వచ్చినా ఒకే వస్తువు. 257 కొత్తగా లెక్కకట్టి వస్తే ఆ హామీ లేదు. పైగా ఆ 257ని ఒకే ఫైల్‌లో రెండు చోట్ల రాస్తే కంపైలర్ పొదుపు చేసి ఒకే వస్తువు వాడొచ్చు, ప్రాంప్ట్‌లో లైను తర్వాత లైను టైప్ చేస్తే వేరు కావచ్చు, అందుకే "ప్రాంప్ట్‌లో చూస్తే ఫాల్స్, ఫైల్‌లో ట్రూ వస్తోంది" అని తలలు పట్టుకునేవాళ్లు ఉంటారు. అన్నిటికన్నా కంత్రీది ఒక్క అక్షరం స్ట్రింగ్. ఇంగ్లీష్ అక్షరం ఒక్కటే ఉన్న స్ట్రింగ్‌లని కూడా అది దాచిపెట్టుకునే వాడుతుంది, కాబట్టి స్టేటస్‌కి ఒక్క అక్షరం కోడ్ పెట్టుకుంటే, ఫైల్‌లోంచి చదివినా సరే, ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడదు. ఎవరో వచ్చి ఆ కోడ్‌ని రెండక్షరాలు చేసిన రోజున పడుతుంది దెబ్బ, తిట్లు ఆ మార్చినవాళ్లకి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వార్నింగ్ పోవడానికి నీ పక్క సీటు అబ్బాయి ఏదో చిట్కా చెప్పాడని రాశావే, "పెయిడ్" అన్న స్ట్రింగ్‌ని పైన ఒక వేరియబుల్‌లో పెట్టి, కింద ఈజ్ పక్కన ఆ పేరు రాయమని. దయచేసి ఆ పని చెయ్యకు. కంపైలర్‌కి తెలిసింది చాలా తక్కువ, ఈజ్ పక్కన లిటరల్ కళ్లకు కనబడితేనే అది అనుమానపడగలదు. రెండువైపులా పేర్లు ఉంటే ఆ పేర్ల వెనక ఏముందో దానికి తెలియదు, నోరు మూసుకుంటుంది. అంటే ఆ చిట్కాతో బగ్ అక్కడే ఉండి, బగ్ ఉందని చెప్పిన ఒక్క సాక్షీ వెళ్లిపోతుంది. ఖాళీ లిస్ట్‌తో పోల్చినా ఇంతే, ఎక్స్ ఈజ్ [] అన్నది ఎప్పటికీ ఫాల్సే, అయినా కంపైలర్ చూసీ చూడనట్టు పోతుంది. అందుకే నేనైతే ఒక్క వార్నింగ్ వస్తే ఆ లైను సరిచేసి ఆగను. ఆ ప్రాజెక్ట్ మొత్తంలో ఈజ్ అన్న మాట వెతికి ఒక్కొక్కటీ చూస్తాను, ఎందుకంటే ఒకచోట అలా రాసిన చెయ్యి ఇంకో నాలుగుచోట్ల వేరియబుల్స్‌తో రాసే ఉంటుంది.

నీకు నీతులు చెబుతున్నానని అనుకోకు, నేను తిన్న దెబ్బ ఇంతకన్నా పెద్దది. నా మొదటి ఉద్యోగంలో, జావాలో, రెండు లిస్టుల్లో ఉన్న కస్టమర్ నంబర్లని పోల్చే కోడ్ రాశాను. రెండువైపులా ఇంటీజర్, పెద్ద ఐతో మొదలయ్యే ఆబ్జెక్ట్ రకం, మధ్యలో ==. జావాలో ఆబ్జెక్టుల మధ్య == అంటే "అదేనా?" అనే ప్రశ్న, "అలాంటిదేనా?" అనడానికి ఈక్వల్స్ అనే మెథడ్ ఉంది. పైథాన్‌కి తలకిందులన్నమాట, అక్కడ గుర్తు చిన్నది, ప్రమాదం పెద్దది. నా టెస్ట్ డేటాలో నంబర్లు 1 నుంచి 50. జావా -128 నుంచి 127 వరకు విలువలని ఆటోబాక్సింగ్‌లో (మామూలు అంకెని ఆబ్జెక్ట్‌గా మార్చేటప్పుడు) ఒకే ఆబ్జెక్ట్‌గా ఇచ్చి తీరాలని ఆ భాష నిబంధనే ఉంది, కాబట్టి నా కోడ్ బంగారంలా పనిచేసింది. ప్రొడక్షన్‌కి వెళ్లాక 127 దాటిన కస్టమర్లందరూ "దొరకలేదు" అని రావడం మొదలైంది. రెండు రోజులు డేటాబేస్‌ని అనుమానించాను. తీరా చూస్తే ఎడిటర్ మొదటి రోజు నుంచే ఆ లైను కింద పసుపు గీత గీసి ఉంది. నేను చూడలేదు, ఎందుకంటే ఆ ఫైల్ నిండా పసుపు గీతలే, వాడని వేరియబుల్, అక్కర్లేని ఇంపోర్ట్, ఇలాంటివి. గుంపులో గోవిందా అయిపోయింది. అప్పటి నుంచి నా కోడ్‌లో వార్నింగ్‌లు సున్నా ఉండాలని మొండిపట్టు పట్టాను, శుభ్రత మీద మోజుతో కాదు, ఒకటి కొత్తగా వస్తే కంటికి కనబడాలని.

మిగతా భాషల్లోనూ ఇదే గొడవ ఉంది. సీలో స్ట్రింగ్ లిటరల్‌ని == తో పోల్చితే జీసీసీ, క్లాంగ్ అనే కంపైలర్లు రెండూ ఫలితం ఏమొస్తుందో చెప్పలేమని గొణుగుతాయి, ఎందుకంటే అక్కడ పోలుస్తున్నది అడ్రస్‌లని. సీ షార్ప్‌లో ఒకవైపు ఆబ్జెక్ట్ రకం, ఇంకోవైపు స్ట్రింగ్ ఉంటే సీఎస్0252 గానీ సీఎస్0253 గానీ వార్నింగ్ వస్తుంది, ఎటువైపు క్యాస్ట్ చెయ్యాలో (రకం మార్చాలో) కూడా చెబుతుంది పాపం. కాట్లిన్ వాళ్లు తెలివిగా == ని "అలాంటిదేనా"కి ఇచ్చి, "అదేనా"కి === పెట్టారు, నాకు నచ్చిన ఏర్పాటు అది. కానీ జావాస్క్రిప్ట్‌లో === చూసి అదే అనుకోకు, అక్కడ తేడా రకం మార్చి పోల్చాలా వద్దా అన్నది, వేరే కథ.

ఇంకో మాట, ఇది చదివి ఆవేశంలో ఉన్న ఈజ్‌లన్నీ == చేసేస్తావేమో, ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు. ఎక్స్ ఈజ్ నన్ (None, "ఏమీ లేదు" అనే విలువ) అన్నది అలాగే ఉంచు, అది సరైనదే, పైథాన్ రాసే పద్ధతులు చెప్పే పెప్ 8 కూడా అలాగే రాయమంటుంది. నన్ ఒక్కటే ఉంటుంది, అక్కడ "అదేనా?" అనే అడగాలి. == తో అడిగితే ఎదుటి క్లాస్ తన సొంత ఈక్వాలిటీ మెథడ్‌తో ఏ జవాబైనా ఇవ్వొచ్చు. నంపై అనే లెక్కల లైబ్రరీలోని అరేని (విలువల వరుసని) నన్‌తో == పెట్టి పోల్చి చూడు, ఒక్క జవాబు బదులు అరే మొత్తం జవాబులు వస్తాయి, దాన్ని ఇఫ్‌లో పెడితే ఎర్రర్. ట్రూ విషయంలో మాత్రం జాగ్రత్త, ఈజ్ ట్రూ అని రాస్తే కంపైలర్ ఏమీ అనదు, కానీ నంపై ఇచ్చే ట్రూ పైథాన్ ట్రూ కాదు, అది వేరే వస్తువు. ఇఫ్ తర్వాత నేరుగా పేరు రాసేస్తే పోయేదానికి ఇదంతా ఎందుకు.

పని చేసే పద్ధతి చెబుతాను. మీ బిల్డ్‌లో, ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ కంపైల్ చేసే కంపైల్ఆల్ మాడ్యూల్‌ని మైనస్ డబ్ల్యూ ఎర్రర్ (-W error) పెట్టి, దాచినవి వాడకుండా మైనస్ ఎఫ్ (-f) కూడా పెట్టి, మీ సొంత కోడ్ ఫోల్డర్ మీద మాత్రమే నడపండి. అప్పుడు ఈ వార్నింగ్ ఎర్రర్‌గా మారి బిల్డ్ ఆగుతుంది. బయటి లైబ్రరీల మీద నడిపితే వాళ్ల పాత తప్పులకి మీ బిల్డ్ పడుతుంది, అవి కొత్త వెర్షన్‌తో పోతాయి, నువ్వు వాటి ఫైల్స్‌లో చెయ్యి పెట్టకు. కోడ్‌లో తప్పులు వెతికే ఫ్లేక్8 వాడుతున్నారుగా, అందులో ఈ ఈజ్ తప్పుని పట్టే ఎఫ్632 నియమాన్ని ఎవరైనా ఇగ్నోర్ లిస్ట్‌లో పెట్టారేమో చూడు, ఎప్పుడో పెట్టి మర్చిపోయి ఉండొచ్చు. టెస్టుల్లో స్ట్రింగ్‌లని లిటరల్‌గా పంపకుండా, ఒక్కటైనా తాత్కాలిక ఫైల్‌లో రాసి తిరిగి చదివి పంపు. నంబర్లైతే పెద్దవి పెట్టు, 1, 2, 3 కాకుండా వేలల్లో, అవీ స్ట్రింగ్ నుంచి మార్చినవై ఉండాలి.

ముందు నీ టెస్ట్ ఒక్కటి ఇలా మార్చి, ఈజ్ అలాగే ఉంచి రన్ చెయ్యి. ఫెయిలవ్వాలి. ఫెయిలయ్యాకే == పెట్టు. ఆ ఫెయిలైన స్క్రీన్‌షాట్ కూడా పంపు, ఆ పక్క సీటు అబ్బాయికి కూడా చూపించు.

మీ అక్క