‘కరెంట్’ అనే ఇంగ్లీషు మాటకు అసలు అర్థం ఏమిటి? రోజువారీ మాటల్లో ఎలా వాడతారు?

బ్యాంకులో ఖాతాలు తెరిచే కౌంటర్లో చాలాకాలం కూర్చున్నాను కాబట్టి ఈ మాటతో నాకు పాత పరిచయమే. కొత్తగా దుకాణం పెట్టినాయనకి “మీరు కరెంట్ అకౌంట్ తీసుకోవాలండీ” అంటే, “కరెంటు బిల్లు నెలనెలా ఆఫీసుకెళ్లి కట్టేస్తున్నాం కదండీ” అనేవాడు. ఆయన తప్పేముంది? మనకు కరెంటంటే స్తంభం మీంచి ఇంట్లోకొచ్చేదే.

పరుగెత్తడం అనే అర్థమున్న లాటిన్ మాట దీనికి మూలం. పారేది, ఇప్పుడు నడుస్తున్నది: ఈ రెండూ పట్టుకుంటే చాలు. ఏటి ఉరవడీ కరెంటే, తీగలో పారేదీ కరెంటే. నడుస్తున్న నెల, ఇప్పుడుంటున్న చిరునామా, ఇప్పటి జీతం, అన్నిటి ముందూ అదే మాట. గ్రూప్స్‌కి చదివేవాళ్లకు కరెంట్ అఫైర్స్ గురించి చెప్పక్కర్లేదు. రైల్వేవాళ్ల కరెంట్ బుకింగూ అంతే, చార్టు వేశాక మిగిలిన బెర్తులు అప్పటికప్పుడు ఇచ్చేయడం.

ఇక కరెంట్ అకౌంటంటే డబ్బు దాచుకునే ఖాతా కాదు, వ్యాపారం డబ్బు వస్తూ పోతూ ఉండే ఖాతా. మన దేశంలో దానిమీద వడ్డీ ఇవ్వరు. బ్రిటన్‌లో మాత్రం మామూలు ఉద్యోగి జీతం పడేది కూడా కరెంట్ అకౌంట్లోనే. మా పిన్ని కూతురు లండన్ వెళ్లిన కొత్తలో “నేనేం వ్యాపారం చేస్తున్నానని ఇదిచ్చారు అన్నయ్యా?” అని ఫోన్ చేసింది. అమెరికాలోనైతే చెకింగ్ అకౌంట్ అంటారు.

జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే. “కరెంటు పోయింది” అన్నదాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టకండి. తీగలో పారుతూ ఆంపియర్లలో కొలిచేదాన్నే వాళ్లు కరెంట్ అంటారు. ఇంటికొచ్చే సరఫరా వాళ్లకు పవర్. కాబట్టి ‘ద పవర్ ఈజ్ అవుట్’ అనాలి, బ్రిటన్‌లో అయితే ‘పవర్ కట్’ అంటారు. బిల్లు కూడా ‘ఎలక్ట్రిసిటీ బిల్’. తెలుగులో మాట్లాడేటప్పుడు ఈ బాధ అక్కర్లేదు, కరెంటు మన మాటైపోయి చాలాకాలమైంది.

స్పెల్లింగ్‌లో ‘ఈ’ బదులు ‘ఏ’ పడితే మాత్రం అది కేకుల్లో వేసే చిన్న ఎండుద్రాక్ష. గ్రీసులోని కొరింత్ ఊరి పేరు మీద వచ్చిన మాట, మన కరెంటుకు చుట్టం కూడా కాదు.