బీటెక్ తర్వాత అమెరికాలో డాక్టర్ కావాలంటే ఏ పోస్ట్‌బ్యాక్‌లో చేరాలి?

మీరు హైదరాబాద్‌లో బీటెక్, ఇక్కడ ఎంఎస్ చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉంటూ, గ్రీన్ కార్డు చేతికొచ్చాక వైద్యం వైపు రావాలనుకుంటున్నారు. పేరున్న ప్రైవేటు పోస్ట్‌బ్యాక్‌లో (డిగ్రీ అయినవారికి మెడికల్ స్కూళ్లు అడిగే సైన్సు కోర్సులు చెప్పే ప్రోగ్రాంలో) చేరాలా, లేక దగ్గరలోని స్టేట్ యూనివర్సిటీలో సాయంత్రం క్లాసులు తీసుకోవాలా అన్నది మీ సందేహం. నేనూ ఎంపీసీ, ఇంజనీరింగ్, ఐటీ ఉద్యోగం మీదుగానే వచ్చి ఇప్పుడు రెసిడెన్సీ చేస్తున్నాను. నా ఉద్దేశంలో ఈ రెంటిలో ఏది మేలో తేల్చుకునే ముందు, మీ ఇండియా డిగ్రీని ఇక్కడి మెడికల్ స్కూళ్లు ఎలా చూస్తాయో తెలుసుకోవాలి.

ఎండీ డిగ్రీ ఇచ్చే మెడికల్ స్కూళ్లలో చాలావాటికి దరఖాస్తులు ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు సేవ ద్వారానే వెళతాయి. అమెరికా, కెనడాల బయట చదివిన కోర్సుల గ్రేడ్లను ఆమ్‌కాస్ జీపీఏలో (4.0కి లెక్కించే గ్రేడ్ల సగటులో) కలపదు. ఇక్కడి ఎంఎస్ గ్రేడ్లను గ్రాడ్యుయేట్ వరుసలో విడిగా చూపిస్తుంది. అంటే మీ బీటెక్‌లో ఎంత శాతం వచ్చినా, అడ్మిషన్ కమిటీకి కనిపించే మీ అండర్‌గ్రాడ్యుయేట్ జీపీఏ మొత్తం పోస్ట్‌బ్యాక్‌లో తెచ్చుకున్న గ్రేడ్లే. ఇక్కడే డిగ్రీ చదివి 120 క్రెడిట్లలో 3.0 తెచ్చుకున్న వ్యక్తి ఆ తర్వాత 40 క్రెడిట్లలో అన్నీ ఏ గ్రేడ్లే సాధించినా అతని సగటు 3.25 దగ్గర ఆగిపోతుంది. మీకా పాత భారం లేదు. అయితే మీ 40 క్రెడిట్లలో నాలుగు క్రెడిట్ల కోర్సు ఒక్కదానిలో సి వచ్చినా 4.0 కాస్తా 3.8 అవుతుంది. అందుకే ప్రోగ్రాం పేరు కన్నా, ఏ వేగంతో చదివితే ప్రతి కోర్సులోనూ ఏ తెచ్చుకోగలరన్నదే మీకు ముఖ్యం.

ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా మెడికల్ స్కూళ్లు అమెరికా లేదా కెనడా బ్యాచిలర్ డిగ్రీని గానీ, అక్కడ చదివిన సుమారు 90 క్రెడిట్లను గానీ అడుగుతాయి. ఇక్కడి ఎంఎస్ ఉంటే చాలనే స్కూళ్లు ఉన్నాయి, ససేమిరా అనేవీ ఉన్నాయి. అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ నిర్వహించే ఎంఎస్ఏఆర్ అనే స్కూళ్ల వివరాల జాబితాలో మీ రాష్ట్రంలోని స్కూళ్ల నిబంధనలు చూసి, స్పష్టంగా లేనివాటికి ఈమెయిల్ రాసి, జవాబులను దాచుకోండి. ఎక్కువ స్కూళ్లు 90 క్రెడిట్ల మీదే పట్టుబడితే, డిగ్రీ ఇవ్వని పోస్ట్‌బ్యాక్ ఎంత గొప్పదైనా మీకు సరిపోదు. స్టేట్ యూనివర్సిటీలో రెండో బ్యాచిలర్ డిగ్రీకి చేరడమే దారి అవుతుంది. నేను ఈ ఈమెయిళ్లు రాశాకే ఎక్కడ చేరాలో నిర్ణయించుకున్నాను.

ఇక ప్రోగ్రాంల విషయం. బ్రిన్ మార్, గౌచర్, స్క్రిప్స్ కాలేజీలవి మీలాగా మెడికల్ స్కూళ్లు అడిగే సైన్సు కోర్సులు ఇదివరకు చదవనివారి కోసమే పెట్టినవి. వేసవిలో జనరల్ కెమిస్ట్రీతో మొదలుపెట్టి, సుమారు ఏడాదిలో ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ ల్యాబులతో సహా పూర్తి చేయిస్తాయి. కొన్ని మెడికల్ స్కూళ్లతో వీటికి లింకేజ్ ఒప్పందాలుంటాయి కనుక, నిర్ణీత గ్రేడ్లు వస్తే మధ్యలో ఒక సంవత్సరం వృథా కాకుండా నేరుగా చేరే అవకాశం ఉంటుంది. అయితే ఆ చదువుకు ఉద్యోగం మానుకోవాలి. కొలంబియా ప్రోగ్రాం సుమారు రెండేళ్లు పడుతుంది. హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్ తరగతులు చాలావరకు సాయంత్రం పూట ఉంటాయి. స్టేట్ యూనివర్సిటీలో ఒక్కొక్క కోర్సూ తీసుకుంటే ఖర్చు తక్కువ, కానీ సీటు దొరకడమే పెద్ద పని. ఆర్గానిక్ కెమిస్ట్రీ సాయంత్రం ల్యాబ్‌కు రిజిస్ట్రేషన్ తెరుచుకునే సమయానికి లాప్‌టాప్ ముందు కూర్చున్నా, రెగ్యులర్ విద్యార్థులు తీసుకోగా మిగిలిన సీట్లే మనకు. జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్, బయోకెమిస్ట్రీ ఒకదాని తర్వాత ఒకటి రావాలి కాబట్టి, ఒక ల్యాబ్ తప్పితే చాలాసార్లు ఏడాదంతా వెనక్కి జరుగుతుంది.

ప్రోగ్రాంల ఇన్ఫర్మేషన్ సెషన్లలో చెప్పే మెడికల్ స్కూలు ప్రవేశాల శాతాన్ని యథాతథంగా నమ్మకండి. నేను వెళ్లిన ఒకచోట తొంభై పైచిలుకు శాతం అన్నారు. ఆ లెక్క చేరినవారందరిదా, లేక కమిటీ లెటర్ (ప్రోగ్రాం తరఫున మెడికల్ స్కూళ్లకు రాసే సిఫారసు లేఖ) ఇచ్చినవారిదేనా అని అడిగితే, సలహాదారు కాసేపు స్లైడు వైపు చూసి, లెటర్ పొందినవారిదేనని ఒప్పుకున్నారు. మధ్యలో వదిలేసినవారు, గ్రేడ్లు తక్కువై లెటర్ రానివారు ఆ శాతంలో లేరు. అలాగే మూడు వందల మంది కూర్చునే క్లాసులో మిమ్మల్ని పేరుతో గుర్తుపట్టి సిఫారసు లేఖ రాసే ప్రొఫెసర్ దొరకడం కష్టం. చాలా స్కూళ్లు సైన్సు ప్రొఫెసర్ల నుంచి రెండు లేఖలైనా అడుగుతాయి. అందుకే ఆఫీస్ అవర్స్ పని వేళల్లోనే ఉన్నాయా అని కూడా విచారించండి.

డబ్బు విషయంలో లెక్క ఇప్పుడు మారింది. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం, 2026 జులై నుంచి కొత్తగా అప్పు తీసుకునే మెడికల్ విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ రుణాలు (చదువు ఖర్చు మేరకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేవి) ఉండవు. ఫెడరల్ రుణం సంవత్సరానికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2,00,000 డాలర్లు దాటదు. చాలాచోట్ల మెడికల్ స్కూలు ఖర్చు ఈ పరిమితిని మించుతుంది. కాబట్టి పోస్ట్‌బ్యాక్ దశలోనే పొదుపంతా ఊడ్చేసుకుంటే తర్వాత ప్రైవేటు రుణమే గతి. ఉద్యోగం వదలకుండా సెమిస్టర్‌కు రెండు కోర్సులు తీసుకోమని నేను చెప్పడానికి ఇదే పెద్ద కారణం. ఇంట్లో ఇద్దరి జీతాలుండి, ఏడాది పాటు పూర్తిగా చదువుకే కూర్చోగలిగితే మాత్రం లింకేజ్ ఉన్న ప్రోగ్రాం వైపు మొగ్గవచ్చు.

మనవాళ్లందరూ బయాలజీకి భయపడతారు గానీ, మెడికల్ స్కూలు ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది చదివి విశ్లేషించే కార్స్ విభాగం. తత్వశాస్త్రం, కళలు, చరిత్ర వంటివాటి మీద గద్యభాగాలు చదివి 90 నిమిషాల్లో 53 ప్రశ్నలకు జవాబివ్వాలి. ఇక్కడ ఏ సైన్సు కోర్సూ అక్కరకు రాదు. దానికోసం మొదటి సెమిస్టర్ నుంచే రోజూ చదవండి. మీరు ఏ రాష్ట్రంలో ఉంటున్నారో, మీ ఎంఎస్‌లో ఎన్ని క్రెడిట్లు ఉన్నాయో రాస్తే, ముందుగా ఏ స్కూళ్లకు ఈమెయిల్ రాయాలో చెప్పగలను.