పొట్టి కోళ్ల జన్యువు వెతికే ముందు

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. పాలకొల్లు దగ్గర ఒక పెట్టకి ప్రతి ఈతలోనూ కొన్ని పొట్టి పిల్లలు దిగుతున్నాయని, ఆ జన్యువు ఎక్కడుందో పట్టుకుంటానని రాశావు. చాలా సంతోషమమ్మా. కానీ రక్తం తీయడానికి తొందరపడకు. వంశం పక్కాగా తెలియకపోతే డీఎన్ఏలో తేడాలు చదివే చిప్ ఎంత ఖరీదైనది వాడినా ఏమీ తేలదు.

ముందు అవి పుట్టుకతో పొట్టివో, రక్తపారుడు వచ్చి గిడసబారాయో చూడు. ఒకే మేత తిని, ఒకే గంప కింద పెరిగినవాటిలో కొన్నే ఎదక్కపోతే అప్పుడు ముందుకెళ్లు.

పొట్టివాటిలో పుంజులెన్ని, పెట్టలెన్ని? పుంజుకి రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకి ఒక్కటే, దాని మీది లోపాన్ని కప్పడానికి రెండో జెడ్ ఉండదు. మామూలు తల్లిదండ్రులకి పుట్టిన పొట్టివన్నీ పెట్టలే అయితే జెడ్‌ని అనుమానించు. గ్రోత్ హార్మోన్ రిసెప్టర్ జన్యువు ఉండేది దాని మీదే. అది చెడితే హార్మోన్ ఉన్నా ఒళ్లు అందుకోలేదు. పొట్టి పుంజుని మామూలు పెట్టతో కట్టించి చూడు. పెట్టపిల్లలన్నీ పొట్టిగా, పుంజుపిల్లలన్నీ మామూలుగా ఎదిగితే దారి దొరికినట్టే. కాళ్లు మాత్రమే కురచై, పొదిగిన గుడ్లలో కొన్ని మొదటి వారంలోనే చస్తుంటే అది క్రీపర్ అనే కురచకాళ్ల లోపం కావచ్చు. ఆ లోపం 7వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తే పిండం బతకదు. అందుకే మురిగిన గుడ్లు పారేయనివ్వకు, పగలగొట్టి లోపల చూడు.

అందరూ పొరపడే చోటు ఒకటుంది. పుంజుని మార్చినా పాత పుంజు వీర్యం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు నిలవుంటుంది. నెల ఆగాకే గుడ్లు లెక్కలోకి తీసుకో. పక్కింటి పుంజు గోడ దూకకుండా పైన కూడా వల కట్టించు. రెండు పెట్టలు ఒకే గూట్లో పెడతాయి కాబట్టి, దగ్గరుండి చూసి ప్రతి గుడ్డు మీదా పెట్ట నంబరు, తేదీ పెన్సిల్‌తో రాయి. పిల్ల దిగిన రోజే రెక్కకి బిళ్ల వెయ్యి. వారానికోసారి బరువు తూచి, మోకాలిలా కనిపించే మడమ కీలు నుంచి పాదం దాకా పొలుసుల కాలు కొలువు. ఒక్కో కుటుంబంలో ఎన్ని ఎక్కువ పిల్లలుంటే జన్యువున్న చోటు అంత ఇరుగ్గా తేలుతుంది.

రక్తం ఎక్కువ అక్కర్లేదు. కోడి ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది గనక రెక్క కింద నరం నుంచి ఒకటి రెండు చుక్కలు తీస్తే డీఎన్ఏకి చాలు.

పందెం పుంజుల వాళ్లు వంశం అంత తేలిగ్గా బయటపెట్టరు. సంక్రాంతి ముందు వాళ్ల గుమ్మం ఎక్కకు. పండగ వెళ్లాక, మీ నాన్నని వెంటబెట్టుకుని వెళ్లి అడుగు.

మామయ్య